నాలుగో చుక్క

చూపులేని పిల్లల బడిలో ఆయన్ని అందరూ చుక్కల మాస్టారు అనేవాళ్ళు. ఆయనకీ పుట్టుకతోనే చూపు లేదు. బడిలో పాఠం చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. వెనక వరండా చివర ఉన్న అచ్చుగదే ఆయన లోకం. పాఠ్యపుస్తకాలు బ్రెయిలీలోకి మారేది అక్కడే.

ఆ గదిలో పాతకాలం ఇంటి కంప్యూటర్లు రెండుండేవి. కీబోర్డూ కంప్యూటరూ ఒకే డబ్బా, తెర కావాలంటే టీవీకి తగిలించుకోవాలి, పక్కన ఫ్లాపీలు పెట్టే పెట్టె. కొన్న కొత్తలో వాటిని చూడ్డానికి ఊరంతా వచ్చిందట. ఇప్పుడు అలాంటివి పాతసామాన్ల కొట్లో కూడా దొరకవు. ఆ రెండింటికీ కలిపి ఒకటే ప్రింటరు. కాగితం మీద సిరా కాకుండా చుక్కలు పొడిచే బరువైన మిషను. అది నడుస్తుంటే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంటుందని పిల్లలు దానికి వడగళ్ళ మిషనని పేరు పెట్టారు. బావి ఒకటి, చేదలు రెండు అన్నట్టు, మధ్యలో ఒక రేకు డబ్బా ఉండేది. దాని పిడి ఎడమకి తిప్పితే మొదటి కంప్యూటరు మిషనుతో మాట్లాడుతుంది, కుడికి తిప్పితే రెండోది.

మొదటి కంప్యూటరు దగ్గర పన్నెండేళ్ళు కూర్చున్నది ఆయన చెల్లెలు. ఆమెకి చూపుంది. మామూలు అక్షరాల్ని చుక్కల్లోకి మార్చే ప్రోగ్రాము కూడా ఇద్దరూ కలిసి రాసుకున్నదే. ఆయన చెబుతుంటే ఆమె కొట్టింది, తెరమీద వచ్చిన తప్పుల్ని ఆమె చదివితే ఆయన తల గోక్కుని మళ్ళీ చెప్పాడు. అలా మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత రెండు వందల పైచిలుకు పుస్తకాలు ఆ గదిలోంచి బయటికొచ్చాయి. ఆమె కొట్టేది, ఆయన వేలితో చదివి దిద్దేవాడు.

పదకొండేళ్ళ కిందట ఒక లెక్కల పుస్తకం వాళ్ళ మధ్య చిచ్చు పెట్టింది. పరీక్ష దగ్గరపడుతోంది, పుస్తకం ఆలస్యమైంది, హడావుడిగా అచ్చేసి పిల్లలకిచ్చారు. అయిదో పాఠంలో కూడిక ఉండాల్సిన చోట్ల తీసివేత పడింది. ఆరు చుక్కల గడుల్లో రాసే బ్రెయిలీలో ఆ రెండింటికీ ఒక్క చుక్కే తేడా. కింది వరసలో రెండు చుక్కలు పక్కపక్కన ఉంటే తీసివేత, వాటికి పైన కుడివైపు ఇంకో చుక్క, అంటే నాలుగో నంబరు చుక్క, చేరితే కూడిక. ఆ ఏడాది నలుగురు పిల్లలు లెక్కల్లో తప్పారు. పెద్దవాళ్ళు వచ్చి గొడవ చేశారు. అందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. అక్కడ మాస్టారు లేచి ఒక మాటన్నాడు.

"కళ్ళు లేకపోవడం నా తప్పు కాదు. ఉన్న కళ్ళు వాడకపోవడం తప్పు."

చెల్లెలు "నేను కూడికే కొట్టాను" అని మాత్రం అని, మర్నాటి నుంచి రావడం మానేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మాస్టారికి తీసుకోవాలన్న ఆలోచనే చాలాకాలం రాలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆమెకి బస్సు స్టేషన్లో మైకులో ప్రకటనలు చెప్పే ఉద్యోగం దొరికింది. దాంతో ఆయనకో చిక్కొచ్చిపడింది. ఎటు వెళ్ళాలన్నా ఆ స్టేషన్లోనే బస్సెక్కాలి. ఎక్కడ నిలబడ్డా ఆ గొంతే. మొదట్లో చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి దూది మానేశాడు. ఇంకొన్నాళ్ళకి, ఎక్కాల్సిన బస్సు వచ్చినా వదిలేసి తర్వాతదాని కోసం కూర్చునేవాడు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు.

ఇక ఇప్పటి సంగతి. బడికి కొత్త కంప్యూటర్లు ఎనిమిది వచ్చాయి. అవి తెరమీది అక్షరాల్ని గట్టిగా చదివి వినిపిస్తాయి. పిల్లలకి పండగే. కానీ వడగళ్ళ మిషను భాష వాటికి రాదు, దానికి వీటి భాష రాదు. పాత పుస్తకాలన్నీ ఆ పాత ఫ్లాపీల్లోనే చిక్కుకుని ఉన్నాయి. ఫ్లాపీల పెట్టె రోజుకో రకంగా మూలుగుతోంది. అది ఆగిపోతే రెండు వందల పుస్తకాలూ దానితోపాటే పోతాయి. పెద్ద టీచరమ్మ ఆలోచించి రేడియో అక్కని పిలిపించింది.

రేడియో అక్కకి నలభై దాటాయి. తండ్రి రేడియోలు బాగుచేసేవాడు, ఆ కొట్టూ ఆ పేరూ ఈమెకొచ్చాయి. ఎవరి ఇంట్లో ఏం చెడినా ఆమె దగ్గరికే తెస్తారు. వచ్చి, గదంతా ఒకసారి చూసి, టీవీ వెనక దుమ్ము ఊది, "మాస్టారూ, వీటికి మాటలు కలపొచ్చు. కాకపోతే ఓపిక కావాలి" అంది.

మాస్టారికి ఆ మాట పెద్దగా రుచించలేదు. పరాయివాళ్ళు వచ్చి ఈ గదిలో వస్తువులు కదపడం ఆయనకి నచ్చదు. ఏది ఎక్కడుందో చేతికి తెలియాలి. అయినా ఫ్లాపీలు పాడైపోతాయన్న భయం అంతకంటే పెద్దది. సరే కానిమ్మన్నాడు.

పాత కంప్యూటరు వెనక, ఒకప్పుడు టెలిఫోను లైను కలపడానికని పెట్టిన రంధ్రం ఒకటుంది. రేడియో అక్క దానికి సరిపడే పిన్నులు వెతికి, మూడు తీగలు అతికి, కొత్త కంప్యూటరు దాకా లాగింది. మొదటిరోజు ఏమీ రాలేదు. తీగలు చూసుకుని నాలుక్కరుచుకుంది.

"ఒకరి నోరు ఇంకొకరి చెవికి పెట్టాలి మాస్టారూ. నేను నోటికి నోరు పెట్టాను. ఇద్దరూ అరుస్తున్నారు, వినేవాడు లేడు."

మాస్టారికి నవ్వొచ్చింది. ఆ గదిలో ఆయన నవ్వి చాలాకాలమైంది.

తీగలు మార్చాక అక్షరాలైతే వచ్చాయి గానీ అన్నీ పిచ్చిగీతలే. పాతది నిదానంగా మాట్లాడుతుంది, కొత్తది గబగబా వింటోంది. కొత్తదాని వేగం తగ్గించి, తగ్గించి, ముసలాయనతో నడిచే మనవరాలిలా పాతదాని అడుగులో అడుగు వేయించింది. మూడోరోజు మధ్యాహ్నం ఒక సామాన్యశాస్త్రం పాఠం అటునుంచి ఇటు మొత్తంగా వచ్చి చేరింది. కొత్త కంప్యూటరు దాన్ని గట్టిగా చదివి వినిపించింది. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని చివరి వాక్యం దాకా విన్నాడు.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. ఒక్కో ఫ్లాపీకి పావుగంట. ఏ ఫ్లాపీలో ఏముందో పైన అంటించిన చీటీ మీద చెల్లెలి చేతిరాత ఉంది. రేడియో అక్క చీటీ చదువుతుంది, మాస్టారు తలూపుతాడు, ఆమె లోపల పెడుతుంది. అలా నలభయ్యో యాభయ్యో అయ్యాక ఒకటి తీసి చదివింది.

"లెక్కలు, పదో తరగతి, అయిదో పాఠం. అన్నయ్య చూశాడు."

మాస్టారి తల ఊగలేదు. ఆమె ఇంకోసారి చదివింది. "పెట్టనా?" అనడిగింది.

పెట్టమన్నాడు. పాఠం వచ్చాక కొత్త కంప్యూటర్ని చదివించమన్నాడు. దానిది ఏ భావమూ లేని గొంతు. ఒక్కో లెక్కనీ అదే గొంతుతో చదివింది. కూడిక ఉండాల్సిన ప్రతి చోటా కూడికే అంది. ఆయన మూడుసార్లు చదివించుకున్నాడు.

ఇదెప్పుడు కొట్టిందో తేదీ ఉంటుందా అని అడిగాడు. ఈ పాత కంప్యూటర్లలో గడియారం లేదు, తేదీ ఉండదని రేడియో అక్క చెప్పింది. అయితే గొడవయ్యాక దిద్దిపెట్టి ఉంటుంది అన్నాడు మాస్టారు, ఆమెతోనో తనతోనో తెలియకుండా. గొడవేమిటో రేడియో అక్కకి తెలియదు. అడగలేదు. గొడవైన మర్నాటి నుంచి చెల్లెలు ఆ గది గడప తొక్కలేదన్నది ఆయనకి మాత్రం గుర్తుంది.

"ఇది ఒకసారి వడగళ్ళ మిషన్లో వేస్తావా అమ్మా, పాత దారిలోనే?"

ఆమె రేకు డబ్బా పిడి ఎడమకి తిప్పి మిషను ఆన్ చేసింది. బల్ల గడగడలాడింది. కాగితాలు బయటికి రాగానే మాస్టారు వేలు పెట్టాడు. మొదటి పేజీ బాగుంది, రెండోదీ బాగుంది. మూడో పేజీలో వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అక్కడ తీసివేత ఉంది. ఇందాకే కొత్త కంప్యూటరు అదే లెక్కని కూడిక అని చదివింది.

మళ్ళీ వెయ్యమన్నాడు. ఈసారి ఆ లెక్క సరిగ్గా వచ్చింది. మరో పేజీలో ఇంకోటి తప్పింది. పక్కనే ఒక మాటలో కూడా ఒక అక్షరం మారింది, దానిలోనూ పోయింది నాలుగో చుక్కే. మాటల్లో అయితే చదివేవాళ్ళు అర్థాన్ని బట్టి సర్దుకుంటారు. లెక్కలో సర్దుకోవడానికేముంది?

రేడియో అక్క రేకు డబ్బా మూత విప్పింది. లోపల ఆరు చుక్కలకీ ఆరు రాగి రేకులు. నాలుగోది నల్లగా మాడి, వదులైపోయి ఉంది. మిషను నడిచి బల్ల ఊగినప్పుడల్లా అది లేస్తోంది, మళ్ళీ ఆనుకుంటోంది. ఇది ఇవాళ్టిది కాదు, చాలా పాత జబ్బని చెప్పింది. రెండో కంప్యూటరు వైపు రేకులు బాగానే ఉన్నాయంది. చెల్లెలు మానేశాక వచ్చినవాళ్ళు కొట్టింది ఆ రెండోదాని మీదే, అందుకే ఆ జబ్బు ఇన్నేళ్ళూ బయటపడలేదు.

మాస్టారు లేచి గోడ పట్టుకుని పుస్తకాల బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఆ ఏటి లెక్కల పుస్తకాలు వెనక్కి తీసుకున్నప్పుడు రెండు మూడు లోపల పడేశారు. రెండు తెచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. అయిదో పాఠం తెరిచి ఒకదాని మీద ఎడమచెయ్యి, రెండోదాని మీద కుడిచెయ్యి ఆనించాడు. రెండు వేళ్ళూ ఒకే వరసలో కదిలాయి. నాలుగో లెక్క దగ్గర ఎడమవేలికి కూడిక తగిలింది, కుడివేలికి తీసివేత. తొమ్మిదో లెక్క దగ్గర తారుమారు.

కొట్టేటప్పుడు చేసిన తప్పయితే ప్రతి పుస్తకంలోనూ ఒకే చోట ఉంటుంది. పుస్తకానికో చోట ఉండదు. ఈ ముక్క తెలియడానికి గొప్ప తెలివేం అక్కర్లేదు. రెండో పుస్తకం మీద చెయ్యి వేస్తే చాలు. పదకొండేళ్ళలో ఆయన ఆ చెయ్యి వెయ్యలేదు.

రేడియో అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు గానీ తాగలేదు. కాసేపటికి తనంతట తానే మొత్తం చెప్పాడు. మీటింగులో అన్న మాటతో సహా. ఆమె ఓదార్చడానికేమీ ప్రయత్నించలేదు. "ఆ డబ్బా ఇక వాడొద్దు, తీసేస్తాను" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున ఆయన బస్సు స్టేషనుకి వెళ్ళాడు. ఏ బస్సు కోసమూ కాదు. ప్రకటనల గది ఎక్కడని అడిగితే ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తలుపు దగ్గర వదిలారు. లోపల చెల్లెలు ఏదో బస్సు ఆలస్యమని చెబుతోంది. మైకు కట్టేశాక కుర్చీ కిర్రుమంది. అన్నని చూసిందని ఆయనకి తెలిసింది. పక్కనున్న ఇంకో ఆమెకి మైకు అప్పజెప్పి, ఆయన్ని మోచెయ్యి పట్టుకుని బయట బెంచీ మీదికి తెచ్చింది. పన్నెండేళ్ళు రోజూ నడిపించిన అలవాటు, చెయ్యి తనంతట తానే సరైన చోట పడింది.

ఆయన ఏ ఉపోద్ఘాతమూ లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫ్లాపీ, రేకు డబ్బా, రెండు పుస్తకాలూ. నువ్వు కూడికే కొట్టావని చెప్పాడు.

"పదకొండేళ్ళు పట్టిందా అన్నయ్యా, రెండో పుస్తకం తెరవడానికి?" అంది ఆమె.

"అదొక్కటే కాదు చిన్నీ. ఇంకోటుంది." అన్నాడు ఆయన. "అచ్చుకి ముందు సరిచూడ్డానికి నువ్విచ్చిన కాగితాలు... ఆ పాఠం నేను చదవలేదు. టైము లేదు. నువ్వెప్పుడూ తప్పు కొట్టవు కదా అని చూశానని చెప్పేశాను. తర్వాత గొడవైతే, నేను చదవలేదన్నది బయటపడుతుందని భయమేసింది. ఆ భయంతోనే అంత మాటన్నాను."

ఎదురుగా బస్సు ఒకటి వెనక్కొచ్చి ఆగింది, జనం దిగారు, మళ్ళీ బయల్దేరింది.

"నాకు తెలుసు" అంది ఆమె.

ఆయనకి అర్థం కాలేదు.

"ఆ కాగితాలు నేను మడతపెట్టి నీ బల్లమీద పెట్టాను. మర్నాడు తీస్తే మడత మడతలాగే ఉంది. పేజీల మధ్య చింపుకోడానికుండే చిల్లుల గీత కూడా చిరగలేదు. నువ్వు విప్పలేదని అప్పుడే తెలుసు. అయినా చీటీ మీద అన్నయ్య చూశాడనే రాశాను."

"మరి మీటింగులో చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యను? నాకు కళ్ళున్నాయి, ఇంకో ఉద్యోగం చూసుకోగలను. ఆ వేలి మీద నమ్మకం పోతే నీకేం మిగులుతుంది?"

మాస్టారు తలొంచుకున్నాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకోవడం ఆమె చిన్నప్పుడెప్పుడో చూసింది. ఇప్పుడు మళ్ళీ చూసింది. భుజం మీద చెయ్యి వేద్దామనుకుని వెయ్యలేకపోయింది. జాలి ఒకవైపు, అన్నేళ్ళ కోపం ఒకవైపు. జాలిపడ్డంత మాత్రాన కోపం మంచులా కరిగిపోదు. నిన్ను క్షమించానని ఇప్పుడంటే అబద్ధమవుతుంది, ఆలోచించుకోనియ్ అంది. బస్సెక్కించి పంపింది.

మాస్టారు ఆమె జవాబు కోసం ఎదురుచూస్తూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ వారమే పెద్ద టీచరమ్మని అడిగి బడిలో అందరినీ సమావేశపరిచాడు. పాతవాళ్ళు ముగ్గురే మిగిలారు, తక్కినవాళ్ళకి అసలు కథే తెలియదు. తెలియనివాళ్ళకి మొదట్నుంచీ చెప్పుకొచ్చి, తప్పు రేకు డబ్బాదీ తనదీ అని, చెల్లెలిది కాదని చెప్పాడు. కాగితాలు విప్పలేదన్నదీ దాచలేదు. రిటైరైనవాళ్ళకి ఉత్తరాలు రాయించాడు.

ఆ ఏడు తప్పిన నలుగురు పిల్లల్లో ముగ్గురి ఫోను నంబర్లు దొరికాయి. ఒకతను ఇప్పుడు సంగీతం నేర్పుతున్నాడట. ఆ లెక్క నేనెప్పుడో మర్చిపోయాను మాస్టారూ, మీరింకా మోస్తున్నారా అని నవ్వాడు. ఇంకొకామె చాలాసేపు కబుర్లు చెప్పింది. మూడో అతను అంతా విని, నాకా ఏడాది పోయింది, దాంతో చేరాల్సిన కాలేజీ పోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఫోను పెట్టేశాడు. ఆ మాట న్యాయమేనని మాస్టారు రేడియో అక్కతో అన్నాడు.

రేడియో అక్క అప్పటికి రెండో సగం పని మొదలుపెట్టింది. ఇప్పుడు అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు వెళ్ళాలి. పిల్లల గదిలో ఎనిమిది కొత్త కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి. అందులో దేన్నుంచి పంపినా పాఠం తీగవెంట వచ్చి పాత కంప్యూటర్లో చేరాలి. అది చుక్కల్లోకి మార్చి, వరసలో పెట్టుకుని, మిషనుకి ఒక్కొక్కటే అందించాలి. రేకు డబ్బా లేకుండా నేరుగా తీగ కలిపింది. మొదటి రెండు రోజులూ ఇద్దరు ఒకేసారి పంపితే ఒకరి పాఠంలో ఇంకొకరిది దూరి, వ్యాకరణం మధ్యలో కప్ప గుండె వచ్చేది. పిల్లలు పడీపడీ నవ్వారు. ముందొచ్చినవాడిది పూర్తయ్యేదాకా రెండోవాడు ఆగేలా ఆమె సరిచేసింది. పిల్లలు ఎవరి కథ వాళ్ళు కొట్టుకుని, ఎవరి కాగితం వాళ్ళు చింపుకుని పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. మిషను ముందు ఇంత రద్దీ ఆ బడిలో ఎవరూ ఎరగరు.

నెల దాటాక, తన సెలవురోజున చెల్లెలు వచ్చింది. చెప్పి రాలేదు. గుమ్మంలో నిలబడి, ఈ తీగలన్నీ ఏమిటని రేడియో అక్కని అడిగింది. ఆమె ఓపిగ్గా అంతా చూపించింది. ఇద్దరూ నేలమీద కూర్చుని పాత ప్రోగ్రాములో ఎప్పట్నుంచో ఉన్న ఒక లోపం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. మాస్టారు కుర్చీలో కూర్చుని వింటున్నాడు. మాటల్లో తనని కలుపుతారేమోనని చూశాడు, కలపలేదు. దానికీ ఆయన బాధపడలేదు.

మళ్ళీ ఉద్యోగంలో చేరమని పెద్ద టీచరమ్మ అడిగితే చెల్లెలు ఒప్పుకోలేదు. స్టేషన్లో నాకు బాగానే ఉంది, అక్కడ స్నేహితులున్నారు అంది. సెలవురోజుల్లో మాత్రం వస్తానంది. మొదటి రెండుసార్లు అన్నతో పని మాటలే మాట్లాడింది. మూడోసారి, నీ చొక్కా మోచేతి దగ్గర చిరిగింది, ఎవరూ చెప్పలేదా అంది. ఆయన ఆ రోజంతా ఆ చిరుగుని తడుముకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాతి నెలలో ఏడో తరగతి చరిత్ర పుస్తకం మొదలుపెట్టారు. ఆమె పిల్లల గదిలో కూర్చుని కొట్టింది, పాఠం తీగవెంట వచ్చి ఇవతల చుక్కలై రాలింది. మాస్టారు కాగితాల మడతలన్నీ విప్పి, పేజీ తర్వాత పేజీ, వేలు ఎత్తకుండా చదివాడు. పదకొండో పేజీలో ఒక రాజుగారు పుట్టిన ఏడాది కంటే చచ్చిపోయిన ఏడాది ముందు పడింది.

ఇంకోసారి వేసి చూశాడు. అక్కడే ఉంది. రెండో కాగితంలోనూ అదే. మిషను తప్పు కాదు. చాలాసేపు ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెబితే ఏమంటుందో, చెప్పకపోతే ఏమంటుందో. చివరికి లేచి, వరండా వెంట నడిచి, పిల్లల గదిలో ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"చిన్నీ, పదకొండో పేజీలో రాజు పుట్టకముందే పోయాడు. రెండుసార్లు వేసి చూశాను."

ఆమె పుస్తకం తీసి చూసింది. తెర చూసింది. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

"అవును" అంది చెల్లెలు. "ఇది నాదే. దిద్దుతాను, కూర్చో."

పక్క కుర్చీ ఆయన చేతికి అందేలా జరిపింది.